నల్లులు కాదు, గోమార్లు కాదు

సెప్టెంబరులో నాలుగు రోజులు వరసగా ముసురు పట్టింది. అనంతపురంలో అది చిన్న విషయం కాదు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు మాది. అందరం సంతోషపడ్డాం, వేరుశనగ పంట సంగతి మాట్లాడుకున్నాం, మిరపకాయ బజ్జీలు వేసుకున్నాం. ముసురు పోయిన పది రోజులకు మా ఇంట్లో కాళ్ళు గోక్కోవడం మొదలైంది.

మొదట నాకే. స్కూలు నుంచి వచ్చి వంటింట్లో నిలబడితే చీలమండల దగ్గర చురుక్కుమనేది. చూస్తే ఎర్రటి దద్దుర్లు, రెండు మూడు పక్కపక్కనే, ఒక్కోదాని నడుమ సూది మొనంత చుక్క. "దోమలమ్మా, యాడ చూసినా నీళ్ళు నిలిచినాయి గదా" అంది మా అత్త. దోమల చుట్ట వెలిగించాం. తర్వాత మా అమ్మాయికి వచ్చాయి, ఆ తర్వాత అత్తకు. మా ఆయనకు మాత్రం ఒక్క దద్దు లేదు. "మీ ముగ్గురికీ అనుమానం పట్టుకుంది" అనేవాడు. అవి ఆయన్నీ కుడుతూనే ఉండి ఉంటాయని, ఒంటి తత్వాన్ని బట్టి కొందరికి దద్దు లేవదని తర్వాత తెలిసింది. తెలిసినా ఆ రెండు వారాల వెటకారాన్ని మాత్రం నేను మర్చిపోలేదు.

మాకు మూడు పిల్లులు. కావాలని తెచ్చుకున్నవి కావు. మా మామ బతికున్నప్పుడు ఊరి నుంచి వేరుశనగ కాయల మూటలు తెచ్చి వెనక గదిలో వేసేవాడు, ఇప్పటికీ మా మరిది రెండు మూడు మూటలు పంపుతాడు. కాయలున్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పిల్లి. అలా గోడ దూకి వచ్చింది రాగి. ఒళ్ళంతా రాగి సంగటి రంగు కాబట్టి ఆ పేరు. ఆ వేసవిలో కాయల గదిలోనే రెండు పిల్లల్ని పెట్టింది. ఇంటర్ చదివే మా అమ్మాయి వాటికి ఉగ్గాని, బజ్జి అని పేర్లు పెట్టింది. ఒకటి లేత పసుపు, ఇంకోటి కాస్త మాడిన రంగు. పేర్లు పెట్టిన రోజే అనుకున్నాను, ఇక ఇవి ఎక్కడికీ పోవని.

బజ్జి విపరీతంగా గోక్కునేది. తింటూ తింటూ ఆగి, వెనక కాలితో మెడ కింద టకటకా గీరుకుని మళ్ళీ తినేది. అది గోక్కోవడం, మేము గోక్కోవడం ఒకే ఇంట్లో, ఒకే సమయంలో జరుగుతున్నా రెండింటినీ కలిపి ఆలోచించిన మనిషి లేదు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఈ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది.

దోమలు కాదని తేలాక, మా అత్త "అయితే నల్లులు" అని తీర్మానించింది. నులక మంచం ఎండలో వేసి కాగిన నీళ్ళు పోశాం. పరుపులు ఎత్తి చూశాం, ఒక్క నల్లి కనపడలేదు. అయినా మా ఆయన నల్లుల మందు తెచ్చి మంచాల కోళ్ళకు, గోడ మూలలకు కొట్టాడు. నల్లి రాత్రిపూట పడుకున్న మనిషిని కుడుతుంది, మమ్మల్ని కుట్టేది పట్టపగలు, నిలబడి ఉన్నప్పుడు, అదీ మోకాలి కింద. ఇంత తేడా కళ్ళ ముందే ఉన్నా డబ్బులు పెట్టి మందు కొట్టించుకున్నాం.

అసలు సంగతి మా అమ్మాయి తేల్చింది. కాలేజీకి వేసుకునే తెల్ల సాక్సులు మోకాళ్ళ దాకా లాక్కుని కాయల గదిలో కాసేపు అటూ ఇటూ నడిచి వచ్చింది. సాక్సుల మీద ఆవగింజంత నల్లటి చుక్కలు. వేలు పెట్టబోతే చుక్క మాయం. రెండు మిల్లీమీటర్ల పురుగు జానెడు ఎత్తు ఎగురుతోంది. ఒకదాన్ని పట్టుకుని వేళ్ళ మధ్య నలిపింది, చావలేదు, మళ్ళీ ఎగిరింది. ఒళ్ళు పక్కల నుంచి అణగ్గొట్టినట్టు పలచగా ఉంటుంది, పైన పెంకు గట్టి. పేనును చంపినట్టు రెండు గోళ్ళ మధ్య పెట్టి నొక్కితేనే టప్పుమంటుంది.

"గోమార్లు" అంది మా అత్త. గోమారి పశువులకు పట్టేది, చర్మానికి అంటుకుని రక్తం తాగి ఉబ్బుతుంది, ఎగరదు. "పిల్లి పేలు" అంది పక్కింటామె. పేను కూడా ఎగరదు. ఇంగ్లీషులో దీన్ని ఫ్లీ అంటారు. తెలుగులో అందరం ఒప్పుకునే ఒక్క పేరు మా వీధిలో దొరకలేదు. పేరే కదా అనిపిస్తుంది గానీ, మేము చేసిన తప్పులన్నీ అక్కడి నుంచే వచ్చాయి. నల్లి అన్నవాళ్ళు నల్లి మందు ఇచ్చారు. గోమారి అన్న మాట విని, బర్రెలు పెట్టుకున్న ఒకాయన పశువులకు పూసే మందు సీసా పంపించాడు, బకెట్ నీళ్ళలో మూతెడు కలిపి పిల్లుల్ని ముంచమన్నాడు. ఎందుకో ఆ సీసా మూత తీయలేదు. దేవుడి దయ.

కానీ దానికంటే తెలివైన పని ఒకటి చేశాం. కుక్కలకు, పిల్లులకు మేత అమ్మే దుకాణంలో మా ఆయన అడిగితే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఉన్న మందు ఇచ్చారు. పొట్లం మీద కుక్క బొమ్మ ఉంది. "కుక్కకైనా పిల్లికైనా ఒకటే సార్, పిల్లికి సగం వేయండి" అన్నారట. సాయంత్రం ఏడింటికి బజ్జి మెడ మీద సగం పిండాం. ఎక్కువ గోక్కునేది అదే కాబట్టి ముందు దానికే. మిగతా రెండింటికీ మర్నాడు చూద్దామనుకున్నాం.

పదిన్నరకు మా అమ్మాయి పిలిచింది. బజ్జి చెవులు ఆగకుండా అదురుతున్నాయి. నోటి నుంచి చొంగ. లేచి నడవబోతే వెనక కాళ్ళు వణికి పక్కకు పడిపోతోంది. మా అక్క కొడుకు ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాడు, వాడికి ఫోన్ చేశాను.

"పొట్లం మీద మందు పేరేముందో చదువు చిన్నమ్మా."

అద్దాలు వెతుక్కుని చదివాను. పర్మెత్రిన్.

"అది పిల్లికి విషం. ఇప్పుడే కడగండి. గిన్నెలు తోమే లిక్విడ్ ఉంటుంది గదా, దాంతో, రెండుసార్లు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాల, వేడి నీళ్ళు వద్దు. తుడిచి టవల్లో చుట్టి డాక్టర్ దగ్గరికి ఎత్తుకుపో. నోట్లో ఏమీ పోయొద్దు."

అప్పటికే మా అత్త విషానికి విరుగుడని గిన్నెలో పాలు పట్టుకుని నిలబడి ఉంది. పాలు వద్దన్నందుకు ఆమెకు కోపం వచ్చింది. వణికే పిల్లికి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుందని వాడు ఫోన్‌లోనే ఆమెకు చెప్పాడు. కడిగేటప్పుడు బజ్జి గీకలేదు, కరవలేదు. గీకి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. స్కూటర్ మీద టవల్ మూటను ఒళ్ళో పెట్టుకుని పోతుంటే ఆ అదురు నా చేతులకు తెలుస్తూనే ఉంది.

డాక్టర్ ఇంటి తలుపు కొట్టి లేపాం. కండరాల అదురు తగ్గే ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి, రాత్రంతా తన దగ్గరే ఉంచుకున్నారు. రెండో రోజు సాయంత్రానికి వణుకు ఆగింది, మూడో రోజు చేపముక్క తినింది. కుక్క లివరు అరిగించుకోగలిగే ఈ మందును పిల్లి లివరు అరిగించుకోలేదట, సగం కాదు, కొంచెం పడినా ప్రమాదమే. పశువుల గోమార్లకు వాడే మందుల్లో చాలావాటితోనూ ఇదే గొడవ. బర్రెలాయన సీసా గుర్తొచ్చి నాకు కడుపులో తిప్పింది.

బజ్జిని తీసుకురావడానికి పోయినప్పుడు డాక్టర్ సన్న పళ్ళ దువ్వెన ఒకటి తీసి దాని తోక మొదట్లో దువ్వారు. దువ్వెనలో వెంట్రుకలతో పాటు మిరియాల పొడిలాంటి నల్లటి రవ్వలు వచ్చాయి. వాటిని తడి టిష్యూ కాగితం మీద రాల్చి ఒక నిమిషం ఆగమన్నారు. ఒక్కో రవ్వ చుట్టూ ఎర్రటి మరక పాకింది. "ఇది మట్టి కాదమ్మా, ఆ పురుగుల పెంట. అంటే మీ పిల్లి రక్తమే, తాగి, అరిగించుకుని, ఎండబెట్టింది." ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. నల్లుల మందు కొనే ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

తర్వాత ఆయన అడిగింది పిల్లి గురించి కాదు. "ఇవి ఎక్కడ పడుకుంటాయి? అక్కడ నేల ఏంటి?"

కాయల గది, గోనెసంచుల మీద. నేల తాడిపత్రి బండలు. మా మామ 1986లో కట్టించిన ఇల్లు. బండల మధ్య సందుల్లో సిమెంటు ఎప్పుడో లేచిపోయింది. వేలు గోరు దూరేంత సందులు, నిండా దుమ్ము.

"అదీ సంగతి" అన్నారాయన. పిల్లి మీద కనపడే పెద్ద పురుగులు మొత్తం లెక్కలో 5 శాతమే. మిగతా 95 శాతం గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్ళ రూపంలో ఇంట్లో ఉంటాయి. ఆడది రోజుకు 40 నుంచి 50 గుడ్లు పెట్టగలదు. అవి జిగురు లేని గుడ్లు, పిల్లి నడిచిన చోటల్లా ఉప్పు చల్లినట్టు రాలిపోతాయి. గుడ్డు నుంచి వచ్చే పిల్ల పురుగుకు వెలుతురు గిట్టదు, సందులోకి పాకుతుంది, అక్కడ రాలిన ఆ రక్తపు రవ్వలే దాని తిండి. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గితే ఎండి చస్తుంది. అందుకే మా ఊరి వేసవిలో ఈ బాధ తెలియదు. ముసురు పట్టి, బండలు చెమర్చి, సందులు చల్లబడ్డాక వాటికి పండగొచ్చింది.

గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్ద పురుగు. సీతాకోకచిలుక బొమ్మ వేసి ఏటా బోర్డు మీద నేను గీసే చక్రమే ఇది. బోర్డు మీద ఉన్నంత సేపే నాకు వచ్చేదన్నమాట.

ఇంటికొచ్చి మా అత్తకు వివరంగా చెప్పాను. గుడ్లు, పిల్ల పురుగులు అన్నప్పుడు ఊ కొట్టింది. "ఆ పురుగు నోటి నుంచి దారం తీసి గూడు కట్టుకుంటుంది, దుమ్ము అంటించుకుని కనపడకుండా లోపల కూర్చుంటుంది" అన్నాక లేచి కూర్చుంది.

"పట్టుపురుగు మాదిరా?"

అత్త పుట్టిల్లు హిందూపురం దగ్గర పల్లె. పెళ్ళయ్యే దాకా మల్బరీ ఆకు కోసి, చంద్రికలనే వెదురు తట్టల మీద పురుగుల్ని ఎక్కించి, గూళ్ళు ఏరిన మనిషి. నాకు పుస్తకంలో తెలిసింది ఆమెకు చేతుల్లో తెలుసు. "అయితే గూట్లో ఉన్నదానికి మందు అంటదమ్మా. గూడు తెంచుకుని వచ్చినాకనే చావాల. మనం కాసుకోవాల్సిందే" అంది. డాక్టర్ ఇంగ్లీషు మాటలు కలిపి పావుగంట చెప్పింది ఆమె మూడు మాటల్లో తేల్చింది. ఆ రోజు నుంచి ఈ పనికి మా ఇంట్లో పెద్ద దిక్కు ఆమే.

ఒక భయం మాత్రం ఆమెను వదల్లేదు. వాళ్ళ అవ్వ చిన్నప్పుడు ప్లేగు వస్తే ఊరొదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్నారట. ఎలుకల నుంచి ఎగిరే పురుగులే ప్లేగు తెస్తాయని విన్నది కాబట్టి, ఇవీ అవేనా అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అది ఎలుకల మీది రకం, ఇది పిల్లి మీది రకం, రెండూ దగ్గరి చుట్టాలే గానీ ప్లేగు మోయడంలో పేరు పడ్డది ఎలుకదే. ఎలుకల పురుగు ప్లేగును మోస్తుందని ఫ్రెంచి డాక్టర్ సిమాండ్ 1898లో కరాచీలో చూపించాడని నేను పాఠం చెప్పినట్టు చెబితే, "అయితే ఎలుకల్ని పట్టే పిల్లుల్ని మనం కాపాడుకోవాల్సిందే" అంది. తర్కం ఎక్కడ ఎక్కడికి కలిసిందో గానీ, పిల్లుల్ని బయటికి తోలేయాలన్న మా ఆయన మాట ఆ పూటతో ముగిసింది.

పిల్లుల పని సులువు. ఫిప్రోనిల్ అనే మందు, పిల్లుల కోసమే తయారైన గొట్టం, బరువు చూసి ఇస్తారు. నేను పిల్లిని ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కి, తర్వాత ఒట్టిగా ఎక్కి తేడా తీశాను. మెడ వెనక, నాలుక అందని చోట వెంట్రుకలు విడదీసి చర్మం మీద పడేట్టు వేయాలి. వెంట్రుకల మీద పోస్తే దండగ. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. నెలకోసారి, ఇంట్లో ఉన్న అన్నింటికీ ఒకే రోజు. మా వీధిలో కుందేళ్ళు పెంచే ఇల్లు ఉందంటే, ఈ మందు కుందేలుకు వేస్తే చస్తుంది, పొరపాటున కూడా ఇవ్వొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. రాగికి, ఉగ్గానికి వేశాం. బజ్జి ఒళ్ళు కుదుటపడేదాకా మందు వద్దన్నారు. దానికి రోజూ రెండు పూటలా దువ్వెన. దువ్వెనకు చిక్కినవాటిని సబ్బు నీళ్ళ గిన్నెలో ముంచడం, ఒట్టి నీళ్ళయితే ఈదుకుంటూ బయటపడతాయి.

రాగి తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉండేవి. అన్నం మెతుకులనుకునేదాన్ని. అవి బద్దెపురుగు ముక్కలట. ఒళ్ళు నాక్కునేటప్పుడు ఈ ఎగిరే పురుగును మింగితే దాని కడుపులోని బద్దెపురుగు పిల్లి పేగుల్లో చేరుతుంది. మూడింటికీ దానికి వేరే మాత్ర.

ఇంటి పని మాత్రం నడుములు విరగ్గొట్టింది. గోనెసంచులు ఇంటి బయటికి తీసి కాల్చేశాం, కాయలు కొత్త సంచుల్లోకి మార్చాం. పాత చీరలతో కుట్టిన బొంతలు అయిదు, పిల్లులు ఎక్కే దిండ్లు, సోఫా గుడ్డలు, అన్నీ చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో ఉడకబెట్టి మిద్దె మీద ఆరేశాం. అత్త కాయల గదిలో వేసిన నాఫ్తలీన్ గోళీలు ఏరి పారేశాం. పిల్లులకు అవీ విషమే, కర్పూరం కూడా. పక్కింటామె చెప్పిన వేపాకు పొగ ఒకసారి పట్టాం. మేము దగ్గాం, పురుగులు దగ్గలేదు.

చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము, అందులోని గుడ్లు ఒక గది నుంచి ఇంకో గదికి పోతాయంతే. వ్యాక్యూమ్ కావాలి. మాకు లేదు, సాయినగర్‌లో మా స్కూల్ టీచర్ ఒకామె దగ్గర అడిగి తెచ్చుకున్నాం. సన్న మూతి తగిలించి ఒక్కో సందు వెంట లాగాలి. ముందుగా మా అమ్మాయి స్క్రూడ్రైవర్‌తో సందులోని దుమ్ము గీకి కాగితం మీద వేసి, ఫోన్ కెమెరా పెద్దది చేసి చూపించింది. సన్నటి తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు, బియ్యపు గింజలో సగం పొడవు, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ దుమ్ములోకి దూరుతున్నాయి. ఒక్క జానెడు సందులో పదకొండు లెక్కపెట్టింది. ఆ రాత్రి ఎవరూ నేల మీద కాలు పెట్టి కూర్చోలేదు. వ్యాక్యూమ్ సంచిని రోజూ ప్లాస్టిక్ కవర్‌లో దులిపి, మూతి బిగించి, ఇంటి బయట చెత్తలో వేయాలి. ఒకరోజు మర్చిపోయి మిషన్‌లోనే వదిలేశాను, మర్నాడు అది పెట్టిన మూలనే నన్ను కుట్టాయి.

మందు కొట్టేవాళ్ళనూ పిలిచాం. "వాసన లేని మందు మేడం, పిల్లలకు పిల్లులకు ఏం కాదు" అన్నాడు వచ్చినతను. మందు పేరేంటని అడిగితే డబ్బా ఆఫీసులో ఉందన్నాడు. పేరు తెలియని మందు ఇంట్లోకి రానివ్వకూడదని బజ్జి దగ్గర నేర్చుకున్నాం కదా, టీ ఇచ్చి పంపించేశాం.

అప్పటికి దసరా సెలవులు. ఇక్కడ ఇంకో తెలివి చూపించాం. "తాళం వేసి పోదాం, తాగడానికి రక్తం లేకపోతే అవే చస్తాయి" అన్నాడు మా ఆయన. నాకూ సబబుగానే తోచింది. పిల్లుల్ని రెండు వెదురు బుట్టల్లో పెట్టుకుని ఉరవకొండ దగ్గర మా పుట్టింటికి పోయాం. దారి పొడుగునా రాగి అరిచిన అరుపులకు ఆటోవాళ్ళు తిరిగి చూశారు. తొమ్మిది రోజులు హాయిగా గడిచింది, ఎవరికీ ఒక్క దద్దు లేదు.

తిరిగొచ్చి తలుపు తీసి, ముందుగా మా ఆయన లోపలికి పోయాడు. నాలుగు అడుగులు వేసి ఆగి కిందికి చూసుకున్నాడు. తెల్ల పంచె మీద మోకాలి దాకా నువ్వులు చల్లినట్టు ఉంది. ఒక్క దూకుతో గడప దాటి బయటపడ్డాడు. ఇన్నాళ్ళూ అనుమానం అన్న మనిషి రోడ్డు మీద పంచె దులుపుకుంటుంటే మా అత్త, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వు ఆగేది కాదు.

మా అక్క కొడుకు ఫోన్‌లో చెప్పాడు. గూట్లోని పురుగు పూర్తిగా తయారై కూడా బయటికి రాదు, నెలల తరబడి కాచుకుని ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, మనం వదిలే గాలి, వీటిని పసిగట్టాకే గూడు తెంచుకుని ఎగురుతుంది. ఖాళీ ఇంట్లో అవి ఆకలితో చావలేదు, మా కోసం వరసగా నిలబడ్డాయి. పైగా మందు వేసిన పిల్లుల్ని ఇంటి నుంచి తీసుకుపోవడమే అసలు తప్పు. మందున్న పిల్లి ఇంట్లో తిరుగుతుంటే కొత్తగా పుట్టిన పురుగు దాని మీదికే ఎగురుతుంది, గుడ్డు పెట్టే లోపే చస్తుంది. పిల్లే వల. ఆ వలను బుట్టలో పెట్టి ఉరవకొండకు మోసుకుపోయాం మేము.

"ఇంకా ఎన్నాళ్ళురా?" అని అడిగాను.

"ఉన్న గూళ్ళన్నీ ఖాళీ అయ్యేదాకా చిన్నమ్మా. రెండు మూడు నెలలు. మధ్యలో కనపడితే మందు పనిచేయలేదని అనుకోవద్దు, అవి పాత గూళ్ళవి."

ఆ ఒక్క మాట లేకపోతే నవంబరులో నేను చేతులెత్తేసి ఇంకేదో మందు కొనేదాన్నే. వ్యాక్యూమ్ అదురుకు గూళ్ళు త్వరగా తెరుచుకుంటాయని తెలిశాక, రోజూ పొద్దున స్కూలుకు పోయే ముందు ఇల్లంతా ఒకసారి తిప్పడం పెట్టుకున్నాను. కోలుకున్న బజ్జికి డాక్టర్‌ను అడిగి ఫిప్రోనిల్ వేశాం. వేసిన రాత్రి నేను, మా అమ్మాయి రెండింటి దాకా దాని చెవుల వైపే చూస్తూ కూర్చున్నాం. దానికి చిరాకేసి అలమారా ఎక్కి పడుకుంది.

సందుల పనికి మేస్త్రీని పిలిస్తే, దుమ్మంతా తీయకుండా పైపైన సిమెంటు రాసి పోదామని చూశాడు. అత్త కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని ప్రతి సందూ చువ్వతో గీకించింది. కాయల గది, వంటిల్లు, నడవ. మూడు రోజుల కూలీ, మూడు మూటల వైట్ సిమెంటు. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఖర్చు అయింది దీనికే, ఎక్కువ గుణం కనిపించింది కూడా దీనికే అని నా అభిప్రాయం. మా ఆయన మాత్రం పిల్లుల మందుకే ఓటు వేస్తాడు.

అత్త ఇంకో పని పెట్టుకుంది. రాత్రి పడుకునే ముందు కాయల గది నడుమ వెడల్పాటి పళ్ళెంలో సబ్బు నీళ్ళు పోసి, దాని మీద వెలుగు పడేట్టు చిన్న టేబుల్ లైటు పెట్టేది. వెలుగుకు, వేడికి పురుగులు ఎగిరి నీళ్ళలో పడతాయి. మొదట నూనె దీపం పెట్టబోయింది, పిల్లుల తోకలు కాలతాయని వద్దన్నాం. "కార్తీక మాసంలో దీపం పెట్టొద్దంటారేమే" అని కాసేపు అలిగింది. ఈ పళ్ళెంతో ఇల్లు బాగుపడదు, గోడ పక్కన ఉన్న పురుగు అంత దూరం రాదు. కానీ లెక్క తెలుస్తుంది. పొద్దున్నే అద్దాలు పెట్టుకుని పుల్లతో ఒక్కొక్కటి పక్కకు జరిపి లెక్కపెట్టి, పాల లెక్క రాసే కాలెండర్‌లోనే పాల లీటర్ల కింద రాసేది. 43, 38, 40, 27. సిమెంటు పని అయ్యాక 19, 12. కార్తీక పౌర్ణమి నాటికి 6. ఆ తర్వాత వాన పడితే మళ్ళీ 11, అప్పుడు ఆమె మొహం చూడాలి. నవంబరు చివర 2, 0, 1, 0. డిసెంబరులో వరసగా పద్నాలుగు సున్నాలు చుట్టింది. మా అమ్మాయి మళ్ళీ తెల్ల సాక్సులు వేసుకుని ఇల్లంతా తిరిగొచ్చింది. ఏమీ లేదు, ఉత్త వేరుశనగ పొట్టు.

రాగి ఇప్పటికీ గోడ దూకి వీధి పిల్లులతో తిరిగొస్తుంది, దాన్నెవరూ ఆపలేరు. అందుకని నెలనెలా ఒకటో తారీఖున ముగ్గురికీ మందు, ఆదివారం దువ్వెన. కరెంటు బిల్లు మాదిరి అలవాటైంది.

మొన్న హిందూపురం నుంచి అత్త వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. ఇంట్లో కుక్క ఉంది, అందరికీ కాళ్ళ మీద దద్దుర్లట. ఎవరో గోమార్లని, ఎవరో నల్లులని అన్నారట. అత్త ఫోన్ స్పీకర్‌లో పెట్టి, కాళ్ళు చాపుకుని, నింపాదిగా మొదలుపెట్టింది.

"అవి గోమార్లు గాదే, గూటిపేలు. గూడు కట్టే పేలు. నువ్వు ముందు ఇది చెప్పు, మీ ఇంట్లో నేల గచ్చా, బండలా?"